కళాశాల చదువునకు ప్రభుత్వ సహాయము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఒక పల్లెలో గ్రంథాలయము 25 ఏండ్లు తలుపు మూయక నిలుచుట సామాన్యమైన సంగతి కాదు. బీరువాలకు చెదలు పట్టును. పత్రికల చందాలు బాకీ పడును. పూనికతో స్థాపించిన పెద్దలు ఒక్కొక్కరే కాలధర్మము చెందుదురు. ఉత్సాహవంతులైన యువకులు ఉద్యోగములకై పట్టణములు చేరుదురు. అయినను సాయంకాలము కాగానే తాళపుచెవి తెచ్చి తలుపు తీయువాడొకడు ఈ యూరిలో తప్పక ఉండుటచేతనే నేటి యుత్సవము సాధ్యమైనది.

గ్రంథాలయమనగా పుస్తకములు ఎరువిచ్చు చోటనియే పలువురు తలచెదరు. 1914లో బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ కూడిన నాటి నుండియు ఈ యుద్యమమును నడిపినవారి తలంపు అంతకంటె విశాలమైనది. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై పుస్తకములను పడవ కెక్కించి ఒడ్డునున్న పల్లెలకు పంపిరి. రాత్రిబడులు నడపుట, చదువురానివారికి ఉత్తరములు చదివిపెట్టుట, అర్జీలు వ్రాసిపెట్టుట కూడ ఆనాటి గ్రంథాలయములు తమ పనిగానే ఎంచుకొనినవి. ఆ యర్జీ నేడు రూపము మార్చుకొనినది. కాగితమునకు బదులు కంప్యూటరు తెర వచ్చినది; దస్తూరికి బదులు వ్రేలిముద్ర వచ్చినది. ఇంటర్మీడియటు ముగించిన కూలివాని బిడ్డ కళాశాలలో కాలు పెట్టుటయు, పెట్టకపోవుటయు పెక్కుసారులు ఆ యొక్క యర్జీపైననే ఆధారపడియుండును. కావున నేటి ప్రసంగము దానిని గూర్చియే.

దీనికి తెలుగున వాడుకలోనున్న పేరు ఉపకార వేతనము. ఈ పేరు పెట్టినవారి సదుద్దేశమును శంకింప పనిలేదు గాని, పేరులో కొంత చిక్కు కలదు. ఉపకారమనగానే పుచ్చుకొనువాడు తల వంచుకొనును. ఇచ్చువాడు మీసము దువ్వును. విద్యార్థి వేతనమను మాట కూడ కలదు. అదియే మేలైనది. చదువుట ఒక పని. ఆ పని చేయువానికి దేశము కూలి యిచ్చుచున్నదనుకొనినచో అడుగువానికి సంకోచముండదు. పల్లెలలో దరఖాస్తు పెట్టుటకు అర్హత యుండియు పెట్టనివారిలో కొందరు ఈ సంకోచముచేతనే ఆగుదురు. "సర్కారు సొమ్ము మనకెందుకయ్యా" అని అప్పు తెచ్చి ఫీజు కట్టిన తండ్రులు ఏ యూరనైనను కనబడుదురు. ఆ యభిమానము మెచ్చదగినదే. కాని నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు నాలుగేండ్ల చదువు ముగియునప్పటికి దాదాపు రెట్టింపగునను లెక్క కూడ ఆ తండ్రి వేసికొనవలసియుండినది.

ప్రభుత్వ ధనముతో చదివిన వారెట్టివారో యని యెవరైన అడిగినచో చెప్పుటకు ఒక్క పేరు చాలును. 1912 ప్రాంతమున బొంబాయిలో ఎల్ఫిన్‌స్టన్ కళాశాలయందు బి.ఏ. చదువుచుండిన భీమరావు అంబేద్కరునకు బరోడా సంస్థానాధీశుడగు శాయాజీరావు గాయకవాడు నెలకు 25 రూపాయలిచ్చెను. ఆయనను మహారాజునకు పరిచయము చేసినది కేళుస్కరను ఉపాధ్యాయుడు. 1913 ఫిబ్రవరిలో తండ్రి మరణించెను. ఆ యేటనే బరోడా సంస్థానము నెలకు పదకొండున్నర పౌనుల చొప్పున మూడేండ్లు వేతనమిచ్చి ఆయనను న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు పంపెను. ఉచితముగ కాదు సుమా! చదువు ముగిసిన పిమ్మట పదేండ్లు సంస్థానపు కొలువు చేయవలెనని కరారు వ్రాయించుకొనిరి. 1917లో గడువు తీరి, లండనులో చదువు సగములో ఆపి, ఆయన తిరిగివచ్చెను. వేరుగ పంపిన ఆయన పుస్తకములు యుద్ధకాలమున ఓడతో పాటు సముద్రము పాలయ్యెను. కరారు ప్రకారము కొలువునకై బరోడాకు పోగా ఆ మహానగరమున ఆయనకు అద్దెయిల్లు ఇచ్చువాడు లేకపోయెను. కులము దాచి ఒక పారసీ సత్రమున దిగి, అచటనుండియు వెళ్లగొట్టబడి, బొంబాయికి మరలెను. ధనసహాయము ఒక మనిషిని కొలంబియా వరకు చేర్చగలదు గాని, బరోడాలో ఒక గది ఇప్పింపలేదు. ఈ సంగతి విద్యార్థి వేతనములను గూర్చి మాటలాడునప్పుడు మరువరానిది.

అట్టి యనుభవము కలవాడు గనుకనే, 1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడైన కొలది నెలలకే ఆయన షెడ్యూల్డు కులముల కష్టములను గూర్చి వైస్రాయికి విజ్ఞాపన సమర్పించి, వారి యున్నత విద్యకు కేంద్ర ప్రభుత్వమే ధనమీయవలెనని వాదించెను. ఏటా 3 లక్షల రూపాయలు మంజూరైనవి. 1944-45లో మెట్రిక్ పిమ్మటి చదువులకు భారత ప్రభుత్వపు వేతనములు ఆరంభమైనవి. 1948-49లో గిరిజనులకును, ఆ మరుసటి యేడు ఇతర వెనుకబడిన తరగతులకును అవి విస్తరించినవి. రాజ్యాంగపు 46వ అధికరణము బలహీన వర్గముల విద్యను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించుట ప్రభుత్వపు విధియని చెప్పుచున్నది. నేడు పల్లెటూరి పిల్లవాడు పూర్తిచేయు దరఖాస్తు వంశవృక్షమిది. దానిలో దయాధర్మముల పాలెంత, పోరాటపు పాలెంత యనునది శ్రోతలే నిర్ణయింపవచ్చును.

ఈ గ్రంథాలయము తలుపు తెరచిన నాటికి ఆ దరఖాస్తు అచ్చు కాగితముగా నుండెడిది. కళాశాల గుమాస్తా దానిని పంచెడివాడు. సంక్షేమ శాఖ కార్యాలయమునకు కట్టలు కట్టలుగా పోయెడివి. మంజూరైన మొత్తమో, చాల స్వల్పము. వృత్తివిద్యా కళాశాలల ఫీజు అంతయు ప్రభుత్వమే భరించు పద్ధతి విస్తారముగ అమలులోనికి వచ్చినది 2008లో, వై.యస్. రాజశేఖరరెడ్డిగారు ముఖ్యమంత్రిగా నున్న కాలమున. షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, అల్పసంఖ్యాకులు, అగ్రవర్ణములలోని పేదలు ఇందు చేరిరి. ఆ పథకము తెలుగుదేశపు పల్లెల రూపమునే మార్చినదనుట అతిశయోక్తి కాదు. మగ్గము నేయువాని యింట, మేకలు కాచువాని యింట ఇంజనీర్లు పుట్టిరి. ఆ పథకమును చూచుకొని పుట్టగొడుగులవలె లేచిన కళాశాలలును కలవు; ప్రయోగశాలలు లేక, పాఠము చెప్పువారు లేక, ప్రభుత్వపు ఫీజు కొరకే తెరచియుండిన కొన్ని భవనములను కూడ ఈ దేశము చూచినది. సహాయము దొరకునని చెప్పి పిల్లవానిని ఏదో యొక కళాశాలలో పడవేయరాదు. ఫీజు ప్రభుత్వము కట్టినను, నాలుగేండ్ల వయస్సు పిల్లవానిదే.

2014లో రాష్ట్రము రెండైన పిదప పథకమును రెండు ప్రభుత్వములును కొనసాగించినవి గాని పేర్లు మారుచు వచ్చినవి. ఆంధ్రప్రదేశమున 2019 పిమ్మట ఫీజునకు విద్యాదీవెన యనియు, భోజన వసతులకు వసతిదీవెన యనియు పేరిడి, ధనమును తల్లుల ఖాతాలలో వేసిరి. 2024లో ప్రభుత్వము మారగా పాత పేర్లే మరల వచ్చినవి. పేరేదైనను సారము రెండు ముక్కలు. మొదటిది కళాశాలకు చెల్లవలసిన బోధనా రుసుము. రెండవది విద్యార్థి తిండికి, బసకు, పుస్తకములకు ఇచ్చు నిర్వహణ భృతి. ఈ రెండింటికిని ఒక్కటే దరఖాస్తు. ఈ భేదమెరుగక, భృతి ఖాతాలో పడగానే ఫీజు కూడ చెల్లిపోయినదని భ్రమించువారు కలరు. తల్లి ఖాతాలో వేయు పద్ధతిని గూర్చి కళాశాలలవారు చాల సణిగిరి. కాని దానివలన ఒక మేలు జరిగినది: బిడ్డ చదువునకు ఫీజెంతయో మొదటిసారిగా తల్లికి తెలిసినది.

ఇక దరఖాస్తు సంగతి. ఇచట కొంత నిదానింపక తప్పదు, ఏలయన పిల్లలు చెడుచున్నది ఇచటనే.

మొదటి గండము పేరు. కంప్యూటరు పదవ తరగతి హాలుటికెట్టు సంఖ్యను అడుగును. ఆ సంఖ్య వేయగానే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది ఆ పట్టాలోనున్నట్లు తెరపై నిలుచును. పిమ్మట ఆధారు కార్డుతో పోల్చును. బడిలో చేర్చునాడు అయ్యవారు నాగలక్ష్మి యని ఒక్క పదముగా వ్రాసిరి. ఆధారు తీయునాడు ఆపరేటరు నాగ యని, లక్ష్మి యని రెండుగా కొట్టెను. పట్టాలో ఇంటిపేరు పొడి అక్షరము. ఆధారులో పూర్తిగా నున్నది. మనిషి కంటికి ఇది భేదమే కాదు. యంత్రమునకు వీరిరువురు వేర్వేరు మనుష్యులు. పదవ తరగతి పట్టాను దిద్దించుట కష్టతరము. ఆధారును దిద్దించుట దానికంటె సులభము. కావున పట్టాను ప్రమాణముగ నుంచుకొని ఆధారును దానికి సరిపోవునట్లు దిద్దించుకొనవలెను. ఆ పని ఇంటర్మీడియటు చదువుచున్నప్పుడే చేయవలెను. సీటు వచ్చిన వారమున ఆధారు కేంద్రమునకు పరుగెత్తువానికి వరుసలో చోటు దొరకదు.

రెండవది కులము, ఆదాయము తెలుపు ధ్రువపత్రములు. వీనిని మీసేవలోనో, సచివాలయములోనో దరఖాస్తు పెట్టినచో తహసీలుదారు కార్యాలయము విచారించి ఇచ్చును. కులపత్రము ఒకసారి పొందినది చాల కాలము పనికివచ్చును. ఆదాయపత్రము అట్లు కాదు, దానికి గడువుండును. గడువు దాటిన పత్రము జతపరచి, దరఖాస్తు పెట్టితినని నిశ్చింతగా కూర్చున్నవాడు, ఆరు నెలల పిదప తిరస్కరించిరని విని నిర్ఘాంతపోవును.

మూడవది బ్యాంకు ఖాతా. ఇది చిత్రమైనది. ఆధారు సంఖ్య ఆధారముగా ధనము పంపునప్పుడు, ఆ సంఖ్య చిట్టచివర ఏ ఖాతాకు ముడిపడియున్నదో ఆ ఖాతాకే ధనము పోవును. దరఖాస్తులో ఏ పాసుపుస్తకము నకలు జతపరచినను సరే. ఉపాధి పనుల కొరకు తెరచినది యొకటి, గ్యాసు రాయితీ కొరకు తెరచినది మరియొకటి, కళాశాలవారు తెరపించినది ఇంకొకటి, ఇట్లు మూడు ఖాతాలున్న యింట ధనము ఏ బ్యాంకులో పడినదో తెలియక, రాలేదని కార్యాలయముల చుట్టు తిరిగినవారు కలరు. కొన్ని ఖాతాలు చాలకాలము వాడక మూతపడియుండును. అట్టి దానికి వచ్చిన ధనము వెనుకకు మరలును. బ్యాంకునకు పోయి, ఆధారు ఏ ఖాతాకు చేరియున్నదో యొక్కమాట అడిగి తెలిసికొనుట పది నిమిషముల పని.

నాలుగవదానిని ఎవరును గండముగ తలపరు. అది సెల్‌ఫోను సంఖ్య. పిల్లవాని యింట ఫోనులో డబ్బులేదు, లేక తండ్రి పొలములో నున్నాడు. ఇంటర్నెట్టు దుకాణదారుడు తొందరలో తన సంఖ్యయే వేసికొనును. ఆనాటికి పని జరిగిపోవును. ఆ పిమ్మట దరఖాస్తులో లోపమున్నదని ప్రభుత్వము పంపు ప్రతి సమాచారమును ఆ దుకాణదారునికే చేరును. అతనికి అట్టివి దినమునకు నూరు. ఏడాది తిరిగి నవీకరణమునకు పోవునప్పటికి దుకాణము ఎత్తివేసియుండును. రహస్య సంఖ్య వచ్చుటకు ఫోనుండదు. దుకాణదారునిదే తప్పనుట న్యాయము కాదు. చదువుకొన్నవా డొకడు ప్రక్కన కూర్చుండి తెరను చదివి చెప్పినచో ఈ తప్పు జరుగదు. కోర్సు సంకేతము, కళాశాల సంకేతము తప్పుగా పడుట కూడ ఇట్టిదే.

ఇవన్నియు దాటి మీట నొక్కగానే దరఖాస్తు పెట్టుట ముగిసినదని పిల్లలనుకొందురు. నిజమునకు సగమే ముగిసినది. అచ్చు తీసిన ప్రతిని, పత్రముల నకళ్లతో కళాశాలలో ఒప్పగింపవలెను. ప్రిన్సిపాలు తనిఖీ చేసి పైకి పంపవలెను. విద్యార్థి వ్రేలిముద్ర వేయవలెను. సంక్షేమాధికారి మంజూరు చేయవలెను. బిల్లు ఖజానాకు చేరవలెను. వీనిలో ఏ మెట్టున ఆగినదో దరఖాస్తు సంఖ్య వేసి చూచుకొనవచ్చును గాని చూచుకొనువారు తక్కువ. హాజరు నూటికి 75కు తగ్గరాదు. మరియు, మొదటి యేడు మంజూరైనది తక్కిన యేండ్లకు తనంత తాను రాదు, ఏటేట నవీకరించుకొనవలెను. మొదటి సంవత్సరము సహాయము పొంది, రెండవ సంవత్సరము మరచి, మూడవ సంవత్సరము ఫీజు కట్టలేక చదువు మానినవాని దుఃఖమునకు కారణము పేదరికమందుమా, ఒక తేది యందుమా?

సీటు విషయమున నొక హెచ్చరిక. కౌన్సెలింగులో కన్వీనరు కోటాలో వచ్చిన సీటునకు ఈ సహాయము కలదు. యాజమాన్యపు కోటాలో చేరినవానికి లేదు. చేర్పించు దళారి ఈ మాట చెప్పడు. తెలంగాణమున వెనుకబడిన తరగతుల విద్యార్థికి ప్రవేశ పరీక్షలో పదివేల లోపు ర్యాంకు వచ్చినచో ఇంజనీరింగు ఫీజు పూర్తిగను, దాటినచో సాధారణముగ 35 వేల రూపాయల వరకును ఇచ్చు పద్ధతిని ఏర్పరచిరి. కళాశాల ఫీజు లక్షయైనచో తక్కిన 65 వేలు ఎవరు కట్టవలెను? ఈ ప్రశ్న చేరుటకు ముందు అడుగవలసినది.

ఇప్పుడు కొంత చేదైన సంగతి. ఆదాయపత్రములో వ్రాయు అంకెను గూర్చి గ్రామములలో అందరికిని తెలియును, ఎవరును మాటలాడరు. షెడ్యూల్డు కులముల కేంద్ర పథకమునకు కుటుంబ వార్షికాదాయపు హద్దు 2 లక్షల 50 వేల రూపాయలు. తెలంగాణమున వెనుకబడిన తరగతులకు పల్లెలలో లక్షన్నర, పట్టణములలో 2 లక్షలు హద్దుగా చాల ఏండ్లు నడచినది. పది యెకరముల మాగాణి, ఊరిలో మేడ కలవాడు ఏటా లక్ష రూపాయల ఆదాయమని పత్రము తెచ్చుకొనుట ఎరుగనివారు లేరు. అది దొంగతనమే, మర్యాదకొరకు మరియొక పేరు పెట్టవచ్చును గాక. అయితే నాణెమునకు ఈవల కూడ చూడవలెను. భర్త దినమునకు 600 రూపాయల చొప్పున, భార్య 400 చొప్పున ఏడాదిలో 200 దినములు కూలికి పోయిరనుకొందము. ఆ యింటి ఆదాయము 2 లక్షలు. లక్షన్నర హద్దు దానిని ధనికుల యింటిలో చేర్చుచున్నది! ధరలు పెరిగినవి, కూలి పెరిగినది, ఫీజులు మూడింతలైనవి. హద్దు మాత్రము నాటిన రాయివలె నిలిచినది. ఇట్టి హద్దు నిజము చెప్పువానిని శిక్షించి, అబద్ధమాడువానిని బహూకరించును. మేడ కలవాని అబద్ధమును, ఈ కూలివాని అబద్ధమును ఒక్క త్రాసున తూచుట ధర్మము కాదు. హద్దును కూలి రేటులతో పాటు సవరింపవలెనని శాసనసభ్యులను అడుగుట గ్రామస్థుల పని.

ప్రభుత్వము మంజూరు చేసిన ధనము సకాలమున రాకపోవుట మరియొక బాధ. రెండు రాష్ట్రములయందును కళాశాలలకు చెల్లవలసిన బకాయిలు వేల కోట్ల రూపాయలకు పేరుకొనిన సందర్భములు కలవు. ఏ పక్షపు ప్రభుత్వమైనను ఈ నిందకు అతీతము కాలేదు. బకాయి ప్రభుత్వమునకు, కళాశాలకు నడుమ నున్నది; నలుగునది మాత్రము విద్యార్థి. చదువు ముగిసినది, ఉద్యోగము వచ్చినది, చేరుటకు పట్టా చూపవలెను. "ప్రభుత్వము ఫీజు ఈయలేదు, నీవు కట్టి పట్టా తీసికొనుము" అందురు. తండ్రి గొఱ్ఱెలనమ్మును. ప్రభుత్వధనము ఆ పిమ్మట వచ్చినప్పుడు కళాశాల దానిని మరల యిచ్చునో లేదో దైవమెరుగును. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో విద్యార్థుల అసలు పట్టాలను కళాశాలలు తమయొద్ద నుంచుకొనరాదని స్పష్టముగ నిర్దేశించినది. ఈ నిబంధన ప్రతిని చేతబట్టుకొని ప్రిన్సిపాలును మర్యాదగా అడుగవలెను. వినకున్నచో విశ్వవిద్యాలయమునకు వ్రాతమూలముగ ఫిర్యాదు చేయవలెను. ఫీజు కట్టక తప్పనిచో రసీదు లేకుండ ఒక్క రూపాయయు ఈయరాదు. రసీదు లేని సొమ్ము నీటిమీది వ్రాత.

కేంద్రము, రాష్ట్రము ఎంతెంత భరింపవలెనను వివాదమును చాల ఏండ్లు నడచినది. షెడ్యూల్డు కులముల పథకమునకు 2017-18 మొదలు మూడేండ్లు కేంద్రపు వాటా ఏటా సుమారు 1,100 కోట్లే యుండెను. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గము పద్ధతి మార్చి, నూటికి 60 కేంద్రము, 40 రాష్ట్రము భరించునట్లును, ఐదేండ్లకు మొత్తము 59,048 కోట్ల రూపాయలనియు నిర్ణయించినది. రాష్ట్రము తన వాటా వేసిన పిదపనే కేంద్రపు వాటా నేరుగ విద్యార్థి ఖాతాకు వచ్చును. అనగా ఆ 60 పాళ్లలో కళాశాల ఫీజు కూడ నుండును. అది పండుగ ఖర్చునకు వచ్చినది కాదు. ఆ సొమ్ముతో ఫోను కొని, పిమ్మట పరీక్షకు కూర్చుండనీయలేదని ఏడ్చినచో ఎవరును ఓదార్పలేరు. ఆ పథకమున ఇంజనీరింగు, వైద్యము వంటి చదువులలో వసతిగృహమున నుండువానికి ఏటా 13,500, ఇంటినుండి పోవువానికి 7,000 రూపాయల భృతిగా 2021లో నిర్ణయించిరి. పట్టణములలో గది అద్దెలెరిగినవారు ఈ మొత్తము ఎన్ని నెలలకు సరిపోవునో చెప్పగలరు.

కులముతో నిమిత్తము లేని సహాయములను గూర్చి రెండు మాటలు. పన్నెండవ తరగతిలో తమ బోర్డున తమ విభాగమున ఉత్తీర్ణులైనవారిలో మొదటి ఐదవవంతులో నిలిచి, కుటుంబాదాయము నాలుగున్నర లక్షలకు మించనివారికి కేంద్ర ప్రభుత్వపు ప్రతిభా వేతనము కలదు. దేశము మొత్తమున ఏటా 82,000 మందికి. డిగ్రీలో ఏటా 12,000 రూపాయలు. దీనికి జాతీయ స్కాలర్‌షిప్ పోర్టలులో వేరుగ దరఖాస్తు పెట్టవలెను. పల్లె కళాశాలలలో దీని పేరు విన్నవారే అరుదు. ఇక విద్యాఋణములు. 2024 నవంబరులో ప్రకటించిన విద్యాలక్ష్మి పథకము ఎంపికచేసిన ఉన్నత సంస్థలలో సీటు పొందినవారికి హామీ లేకుండ ఋణమిప్పించునది. ఋణము ఋణమే, తీర్పవలసినది. పూర్వము ప్రభుత్వ సహాయమే లేని నాడు ధర్మసంస్థలు ఆదుకొనెడివి. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో హార్వర్డునకు పోయినది మామగారి తోడ్పాటుతోను, కాకినాడ సత్యలింగ నాయకరు ధర్మనిధి సహాయముతోను. అట్టి దాతలు నేడును పుట్టవచ్చును గాని, వారు పుట్టువరకు పిల్లవాని వయస్సు ఆగదు.

ఆడపిల్లల మాట చెప్పక ఈ ప్రసంగము ముగింపరాదు. ఫీజు ప్రభుత్వమే కట్టునని తెలిసిన పిదప కూడ కొడుకునకు దరఖాస్తు పెట్టి, కూతురునకు పెట్టని యిండ్లు కలవు. కారణమడిగినచో బస్సులేదందురు, పెండ్లి సంబంధము వచ్చినదందురు, వసతిగృహము మంచిది కాదందురు. ఈ మాటలలో కొన్ని నిజములే. బస్సు లేకపోవుట నిజమైన అడ్డంకి. దానికి డిపో మేనేజరునకు గ్రామమంతయు సంతకములు చేసి పంపవచ్చును. కాని ఆదాయపత్రము కొడుకు కొరకు తెచ్చిన దినముననే, అదే కార్యాలయమున, మరియొక ప్రతి కూతురు కొరకు తెచ్చుటకు అడ్డమేమున్నది?

గ్రంథాలయము ఏమి చేయగలదను ప్రశ్నకు సమాధానము పెద్దది కాదు. వార్తాపత్రికలు పరచు బల్లకు ప్రక్కన మరియొక బల్ల వేయవలెను. జూను మొదలు దరఖాస్తుల గడువు తీరు వరకు సాయంకాలము రెండు గంటలు, ఊరిలో డిగ్రీ చదివిన యువకులు వంతులవారీగా దానియొద్ద కూర్చుండవలెను. ఒక పెద్ద నోటుపుస్తకమున ఆ యేడు ఇంటర్మీడియటు ముగించిన ప్రతి పిల్లవాని పేరు, ప్రతి పిల్ల పేరు, దరఖాస్తు సంఖ్య, వాడిన ఫోను సంఖ్య ఎవరిదో, ఆదాయపత్రపు గడువు, ఏ మెట్టున ఆగినదో వ్రాయవలెను. రహస్య సంఖ్యలు మాత్రము అందు వ్రాయరాదు. గడువు పొడిగించిరను వార్త, పొడిగింపలేదను వార్త తలుపు ప్రక్క నల్లబల్లమీద సుద్దముక్కతో వ్రాసిపెట్టవలెను. మీసేవకు పోవు దినమున చదువురాని తల్లిదండ్రులతో ఒకరు తోడుపోయి, తెరమీది అక్షరములను పట్టాతో సరిచూడవలెను. ఇందులకు కావలసిన పెట్టుబడి ఒక నోటుపుస్తకము, ఒక బల్ల.

కార్యదర్శిగారు ఈ సూచనను అంగీకరించి, పిల్లల గది కిటికీ ప్రక్కనున్న పాత బల్లకు కాలు వేయించెదమని వాగ్దానము చేసినారు. ఈ యేడు ఇంటర్మీడియటు రెండవ సంవత్సరము చదువుచున్నవారి పేర్లు సభ ముగిసిన వెంటనే వ్రాసికొందురు. తల్లిదండ్రులు పిల్లల పదవ తరగతి పట్టా నకలు, ఆధారు కార్డు తీసికొని వచ్చినచో అక్షరములు ఈ రాత్రియే సరిచూడవచ్చును.